డెల్టా ఇంటికి వేణ్ణీళ్ల ట్యాంకు, వాల్వులు ఎంచుకోవడం

షాపుకెళ్లి ధరలు అడిగేముందు ఒక పని చేయండి. లీటరు సీసా శుభ్రంగా కడిగి, మీ డాబా మీద ట్యాంకులోకి ఎక్కే నీళ్లే నిండా పట్టి, దగ్గర్లోని ఆక్వా ల్యాబులో ఇవ్వండి. భీమవరం, ఆకివీడు, అమలాపురం లాంటి ఊళ్లలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులకి కొదవలేదు. హార్డ్‌నెస్ (నీటి గట్టిదనం), ఆల్కలినిటీ (క్షార గుణం), సెలినిటీ (ఉప్పదనం), పీహెచ్ చూడడం వాళ్లకి రోజూ ఉండే పనే. వేణ్ణీళ్ల ట్యాంకు ఎంచుకోవడానికి మనకి కావలసినవీ అవే. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు ఒక్కటే నమ్ముకుంటే చాలదు. నీళ్లలో మొత్తం ఎంత కరిగి ఉందో అది చెబుతుందిగానీ, అందులో గార, అంటే తెల్లని గట్టి పొర, కట్టేదెంతో, లోహాన్ని తినేదెంతో విడదీసి చెప్పదు.

శాంపిల్ ఏ నెలలో పట్టారన్నది కూడా చూసుకోవాలి. ధవళేశ్వరం నుంచి కాలువలు పారినన్నాళ్లూ కుళాయి నీళ్లు మెత్తగానే ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేశాక చాలా ఇళ్లు బోరు మీదికి మళ్లుతాయి. రాజోలు, మలికిపురం, నరసాపురం, మొగల్తూరు వైపు సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ ఆ బోర్లలో ఉప్పు పెరుగుతుంది. ఏడాది మొత్తంలో అన్నిటికంటే పాడు నీళ్లు ఎప్పుడు వాడతారో అప్పుడే పట్టండి. ట్యాంకు ఆ నీళ్లకి తట్టుకోవాలి.

రిపోర్టు చదవడం కష్టమేం కాదు. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. క్లోరైడ్ 250, వేరే దారి లేనప్పుడు 1000. ఇది మనిషి తాగడానికి వేసిన లెక్క. ట్యాంకు అంత ఓర్చుకోదు. క్లోరైడ్ 200 దాటిన నీళ్లు వేడెక్కితే మామూలు స్టెయిన్‌లెస్ స్టీలుకి సూది పోట్లలాంటి చిల్లులు పడే ప్రమాదం మొదలవుతుంది. ఆక్వా ల్యాబు వాళ్లు సెలినిటీని పీపీటీలో, అంటే వెయ్యి భాగాల నీళ్లలో ఎన్ని భాగాల ఉప్పో ఆ లెక్కలో, రాస్తారు. సముద్రపు ఉప్పు కలిసిన నీళ్లయితే ఒక పీపీటీ అంటే లీటరుకి సుమారు 550 మిల్లీగ్రాముల క్లోరైడ్. రొయ్యకి అది లెక్కలోకి రాని ఉప్పు, గీజరుకి మాత్రం ఎక్కువే.

ల్యాబు వీలు కాకపోతే వంటింటి గుర్తులతో పని కానివ్వొచ్చు. కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడకపోతే, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర కడితే హార్డ్‌నెస్ ఎక్కువ. పుక్కిలించినప్పుడు నాలుక్కి ఉప్పు తెలిసిందంటే క్లోరైడ్ అప్పటికే 250 చుట్టుపక్కలకో పైకో చేరినట్టు.

ట్యాంకు లోపలి గోడ

బయట రంగు, డిస్‌ప్లే, వారంటీ కాగితం పక్కన పెట్టి లోపల ఏముందో అడగండి. దొరికేవి ముఖ్యంగా మూడు: గాజు పూత కాల్చిన ఉక్కు ట్యాంకు, అంటే ఎనామిల్ లేదా గ్లాస్‌లైన్డ్ అనేది, స్టెయిన్‌లెస్ స్టీలు, రాగి.

కాలువ నీళ్లు, మున్సిపల్ నీళ్లు ఏడాది పొడుగునా వచ్చే ఇంటికి 304 రకం స్టెయిన్‌లెస్ సరిపోతుంది. తణుకు, రావులపాలెం లాంటి ఎగువ ఊళ్లలో అదే వేసుకోవచ్చు. బోరు నీళ్లలో ఉప్పు ఉంటే 304 వద్దు. చిల్లు ముందుగా అతుకుల దగ్గర పడుతుంది, ఒకసారి పడ్డాక దాన్ని బాగుచేసే దారి లేదు. అక్కడ కావలసింది మాలిబ్డినం కలిసిన 316ఎల్ రకం, లేదంటే ఎనామిల్. రెండిట్లో మా ఓటు ఎనామిల్‌కే. 316ఎల్ అని చెప్పి అమ్మే ట్యాంకు నిజంగా 316ఎలో కాదో కొనేవాళ్లు చూసి పోల్చుకోలేరు. అయస్కాంతం పెట్టి చూడడం ఇక్కడ పనికిరాదు, 304 కూడా అయస్కాంతానికి దాదాపు అంటదు.

ఎనామిల్ ట్యాంకు ప్రాణం అందులో వేలాడే మెగ్నీషియం రాడ్డులో ఉంటుంది. పూతలో కంటికి కనిపించని పగుళ్లు ఎప్పుడూ ఉంటాయి. ఆ పగుళ్ల దగ్గర ఉక్కు తుప్పు పట్టకుండా దాని బదులు ఈ రాడ్డు కరిగిపోతుంది. ఉప్పు నీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి రాడ్డు త్వరగా అరుగుతుంది. కాలువ నీళ్లకి ఏడాదికోసారి విప్పి చూస్తే చాలు, ఉప్పు బోరుకి ఆరు నెలలకోసారి చూడాలి. లావు సగానికి తగ్గినా, మధ్యలో తీగ బయటపడినా మార్చేయండి. రాడ్డు ధర ట్యాంకు ధర ముందు ఎంతో కాదు. అందుకే కొనేటప్పుడే రెండు ప్రశ్నలు అడగండి: రాడ్డు విడిగా దొరుకుతుందా, గీజర్ గోడ మీద నుంచి దించకుండా దాన్ని తీయడం కుదురుతుందా. ‘మా ట్యాంకుకి రాడ్డే అక్కర్లేదు’ అని గొప్పగా చెబితే అది స్టెయిన్‌లెస్ అని అర్థం, మళ్లీ క్లోరైడ్ లెక్కకే రావాలి.

కొన్ని బోర్లలో ఈ రాడ్డు వల్ల వేణ్ణీళ్లు కుళ్లిన గుడ్డు కంపు కొడతాయి. నీళ్లలోని సల్ఫేటు మీద బతికే బ్యాక్టీరియా చేసే పని అది. చాలామంది రాడ్డు పీకి పారేస్తారు, కంపు పోతుంది, దాని వెనకే ట్యాంకూ పోతుంది. థర్మోస్టాట్ పూర్తిగా పెంచి ట్యాంకు కాచి, ఆ నీళ్లు మొత్తం వదిలేయండి. తగ్గకపోతే అల్యూమినియం-జింకు రాడ్డు వేయించండి.

సాఫ్ట్‌నర్ పెడితే హార్డ్‌నెస్ తగ్గుతుంది, ఉప్పు తగ్గదు. కాల్షియం తీసేసి ఆ చోట సోడియం వదలడమే అది చేసేది. గార ఆపుతాయని చెప్పి పైపుకి కట్టే అయస్కాంతాల మీద డబ్బు పెట్టకండి.

ఎంత ట్యాంకు, ఎక్కడ

డెల్టాలో స్నానమంటే ఎక్కువగా బకెట్టే కాబట్టి లెక్క తేలిక. పుష్యమాసం తెల్లవారుజామున డాబా ట్యాంకులో నీళ్లు 22 డిగ్రీలు ఉన్నాయనుకోండి, స్నానానికి 40 కావాలి, ట్యాంకులో 60 ఉంది. 20 లీటర్ల బకెట్‌కి వేణ్ణీళ్లు తొమ్మిదిన్నర లీటర్లు పడతాయి, మిగతాది చన్నీళ్లే. 25 లీటర్ల గీజర్ కాగితం మీద రెండున్నర బకెట్లు ఇవ్వాలి. చన్నీళ్లు లోపలికి వచ్చి కలుస్తాయి కాబట్టి రెండు బకెట్లని నమ్మండి. తిరిగి కాగడానికి 2 కిలోవాట్ల కాయిల్‌తో సుమారు అరగంట.

నలుగురుండే ఇంటికి డాబా మీద 100 లీటర్ల సోలార్ ట్యాంకు సరిపోతుంది. కానీ సంక్రాంతికి కూతుళ్లు, అల్లుళ్లు, పిల్లలు దిగితే పది మంది దాటుతారు. భోగినాడు తలంట్లు మనిషికి ఒక బకెట్‌తో అవవు. అందుకని డెల్టా ఇళ్లకి 200 లీటర్లు చెబుతాం. దాంతోపాటు 2 కిలోవాట్ల కరెంటు కాయిల్ కూడా ఉండాలి, ఎందుకంటే అక్టోబరు, నవంబరు ముసుర్లలో ఎండ రోజుల తరబడి కనిపించదు. 200 లీటర్లని 20 డిగ్రీలు పెంచడానికి ఆ కాయిల్‌కి రెండు గంటల 20 నిమిషాలు పడుతుంది, నాలుగున్నర యూనిట్ల పైన కాలుతుంది.

ఇల్లంతటికీ ఒకే ట్యాంకు పెట్టాలా, బాత్రూముకో గీజరా అన్నది పైపు పొడుగు తేలుస్తుంది. ముప్పాతిక ఇంచి సీపీవీసీ (వేడి తట్టుకునే ప్లాస్టిక్) పైపులో మీటరుకి పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. ట్యాంకు నుంచి కుళాయికి 15 మీటర్లుంటే ప్రతిసారీ నాలుగు లీటర్ల చన్నీళ్లు పోయాకే వేడి వస్తుంది. అదే దూరం అర ఇంచి పైపైతే రెండు లీటర్ల లోపు. బాత్రూములు ఒకదాని మీద ఒకటి ఉంటే డాబా మీద ఒకే ట్యాంకు బాగుంటుంది. పెరట్లో ఒకటి, ముందుగదిలో ఒకటి ఉంటే దూరంగా ఉన్నదానికి విడిగా 15 లీటర్ల గీజర్ పెట్టుకోవడమే తెలివి. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ వంటింటి సింకుకి సరే. 3 కిలోవాట్లతో అది నీళ్లని 20 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకే ఇవ్వగలదు. బకెట్ నిండడానికి తొమ్మిది నిమిషాలు నిలబడాలి.

సోలార్‌లో గాజు గొట్టాల రకం, ప్లేటు రకం ఉన్నాయి. ప్లేటు రకంలో నీళ్లు పారే రాగి గొట్టాలు సన్నగా ఉంటాయి, గార కడితే మూసుకుపోతాయి. హార్డ్‌నెస్ ఎక్కువ ఉన్నచోట హీట్ ఎక్స్‌ఛేంజర్, అంటే ప్లేటులో తిరిగే నీళ్లనీ మనం వాడే నీళ్లనీ కలవనివ్వని ఏర్పాటు, ఉన్నదైతేనే ప్లేటు తీసుకోండి. గాజు గొట్టాలు లావుగా ఉంటాయి, అడుగున మడ్డి చేరినా తీసి కడగొచ్చు. కొబ్బరి చెట్టు కింద మాత్రం గాజు వద్దు. కోనసీమలో డాబా మీదికి ఒరగని కొబ్బరి చెట్టు ఎక్కడుంది అంటారేమో, చెట్టు నీడ పడని మూల వెతకండి. నీడ వల్ల వేడి తగ్గుతుంది, కాయో మట్టో పడితే గొట్టమే పోతుంది. ప్యానల్ దక్షిణం చూడాలి. మన అక్షాంశం పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి, చలికాలం ఎండ అందేలా 28 నుంచి 30 డిగ్రీల వాలు పెట్టించండి.

వాల్వులు: చన్నీళ్ల ట్యాంకు నుంచి కుళాయి దాకా

ముందు ఒకటి తేల్చుకోవాలి. మీది గాలి గొట్టం ఉన్న ఓపెన్ సిస్టమా, అన్నివైపులా మూసిన సిస్టమా? డాబా మీది మామూలు సోలార్ ట్యాంకు ఓపెన్. బాత్రూములోని గీజర్ మూసినది. ఒకదానికి పెట్టే వాల్వు ఇంకోదానికి పెట్టడం వల్లే సగం గొడవలు.

ఓపెన్ సిస్టమ్ నుంచి మొదలుపెడదాం. చన్నీళ్ల ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు పైభాగం కంటే కనీసం అడుగు ఎత్తున ఉండాలి. డాబా నేల నుంచి చూస్తే ఏడడుగుల దిమ్మె కావాల్సి వస్తుంది. సోలార్‌కి వెళ్లే లైను చన్నీళ్ల ట్యాంకు నుంచి విడిగా తీయించండి. ఫ్లష్‌కి, సింకుకి వెళ్లే లైనులోంచి టీ కొట్టి ఇచ్చేయడం పని తేలికే, కానీ ట్యాంకు ఖాళీ అయినప్పుడు సోలార్‌లోని వేణ్ణీళ్లు ఆ టీ గుండా కింది చన్నీళ్ల కుళాయిల్లోకి దిగిపోతాయి. దానికి మందుగా ప్లంబర్ ఒక ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లని వెనక్కి పోనివ్వని వాల్వు, బిగిస్తాడు. అప్పుడు కొత్త తంటా మొదలు. 200 లీటర్ల నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకి కాగితే దాదాపు మూడు లీటర్లు పెరుగుతాయి. వెనక్కి వెళ్లే దారి ఎన్‌ఆర్‌వీ మూసేసింది కాబట్టి ఆ మూడు లీటర్లూ గాలి గొట్టం లోంచి రోజూ డాబా మీద కారతాయి. లైను విడిగా తీస్తే ఎన్‌ఆర్‌వీ అవసరమే రాదు. పెరిగిన నీళ్లు చక్కగా చన్నీళ్ల ట్యాంకులోకి సర్దుకుంటాయి. వేడి పైకి పాకకుండా సోలార్ ట్యాంకు దగ్గర పైపుని అడుగు లోతు ‘యు’ ఆకారంలో దించి ఎక్కించండి.

ఆ చన్నీళ్ల లైను మొదట్లో ఒక ఇంచి ఫుల్‌బోర్ బాల్ వాల్వు పెట్టండి. గేట్ వాల్వు వద్దు. ఏడాదికోసారి తిప్పే వాల్వు అది. గార పట్టిన గేట్ వాల్వు అవసరమైన రోజు కదలదు, బలవంతం చేస్తే కాడ విరిగి చేతికొస్తుంది. బాల్ వాల్వులో కూడా రెండు రకాలున్నాయి. రెడ్యూస్డ్ బోర్‌లో లోపలి రంధ్రం పైపు కంటే సన్నం. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ప్రెజర్ వస్తుంది, మన డాబా ట్యాంకులు ఇచ్చేది 0.2, 0.3 బార్. అంత తక్కువ ఒత్తిడిలో ప్రతి ఇరుకూ షవర్ దగ్గర తెలుస్తుంది. బాల్ వాల్వు తర్వాత చెత్త పట్టే వై-స్ట్రెయినర్, ఆ తర్వాత పైపు కోయకుండా విప్పుకోవడానికి యూనియన్. ఉప్పు నీళ్లున్నచోట మామూలు ఇత్తడి వాల్వులోంచి జింకు కరిగిపోయి, పైన తెల్లని పొడి కనిపిస్తుంది, లోపల బోలుగా మారుతుంది. డీజెడ్ఆర్ ఇత్తడి (జింకు కరిగిపోకుండా తట్టుకునేది) గానీ గన్‌మెటల్ (ఒక రకం కంచు) గానీ అడగండి. చన్నీళ్ల భాగంలో ప్లాస్టిక్ బాల్ వాల్వు కూడా బాగానే పనిచేస్తుంది, పైగా తుప్పు బాధే లేదు.

సోలార్ ట్యాంకు అడుగున మడ్డి వదలడానికి ముప్పాతిక ఇంచి బాల్ వాల్వు ఉండాలి. చాలామంది చిన్న కుళాయి పెట్టి వదిలేస్తారు. గార పెచ్చు ఒకటి అడ్డం పడిందంటే ఇక పనికిరాదు.

వేణ్ణీళ్లు బయటికొచ్చే చోట ముందు గాలి గొట్టం చీలాలి, ఆ తర్వాతే ఏ వాల్వయినా. గాలి గొట్టం చన్నీళ్ల ట్యాంకు నిండు మట్టం కంటే అడుగు ఎత్తుకి వెళ్లి, చివర కిందికి వంగి, తెరిచి ఉండాలి. దాని మీద వాల్వు గానీ మూత గానీ పెట్టకూడదు. మండుటెండలో ఆవిరి పోయేదీ అందులోంచే, నీళ్లు దిగినప్పుడు గాలి లోపలికొచ్చేదీ అందులోంచే. అది మూసుకుంటే ట్యాంకు ఉబ్బుతుంది, లేదంటే లోపలికి సొట్ట పడుతుంది. ఓపెన్ సిస్టమ్‌కి ముందు ప్రెజర్ పంపు పెడితే నీళ్లు గాలి గొట్టంలోంచి ఎగజిమ్ముతాయి. షవర్ జోరుగా రావాలనుకుంటే ప్రెజర్ తట్టుకునే ట్యాంకే కొనాలి.

ఇక గీజర్. దీనికి చన్నీళ్లు వచ్చే చోట కంపెనీ ఇచ్చే మల్టీఫంక్షన్ వాల్వు ఉంటుంది. వెనక్కి పోనివ్వకపోవడం, ఒత్తిడి దాటితే వదలడం రెండూ అదే చూసుకుంటుంది. గీజర్ ప్లేటు మీద రాసిన బార్ అంకె, వాల్వు మీది అంకె చూడండి. వాల్వు అంకె గీజర్ అంకెని మించకూడదు. ఈ వాల్వుకీ గీజర్‌కీ మధ్య మరో వాల్వు పెట్టకూడదు. నీళ్లు ఆపుకోవడానికి యాంగిల్ వాల్వు కావాలంటే ఈ మల్టీఫంక్షన్ వాల్వుకి ముందు పెట్టండి. మల్టీఫంక్షన్ వాల్వు పోతే దాని స్థానంలో మామూలు ఎన్‌ఆర్‌వీ బిగించడం ప్రమాదం. నీళ్లు పెరుగుతాయి, దారి ఉండదు, థర్మోస్టాట్ కూడా మొరాయిస్తే ట్యాంకు పగులుతుంది.

కాగేటప్పుడు ఈ వాల్వు నుంచి చుక్కలు పడడం సహజం. 25 లీటర్లు కాగితే గ్లాసున్నర దాకా రావొచ్చు. గోడ మరక పడుతోందని ఆ రంధ్రానికి ఎండ్ క్యాప్ బిగించేవాళ్లున్నారు. అది మాత్రం చేయకండి. సన్నని గొట్టం తగిలించి, వాలుగా కిందికి దించి, చివర తెరిచి బాత్రూము జాలీ దగ్గర వదలండి. గీజర్ ఆఫ్‌లో ఉన్నా ధార ఆగకపోతే వాల్వు సీటులో ఇసుకో గారో చిక్కుకుంది, లేదా పంపు ప్రెజర్ ఎక్కువైంది. మీట రెండు మూడుసార్లు ఎత్తి వదిలితే చెత్త కొట్టుకుపోతుంది. ఎలాగూ మూడు నెలలకోసారి ఆ మీట ఎత్తాలి, లేకపోతే గారతో బిగుసుకుంటుంది.

వాల్ మిక్సర్లతో వచ్చే చిక్కు ఒకటుంది. హ్యాండ్‌షవర్ చివర నొక్కి ఆపి, మిక్సర్ రెండు వైపులా తెరిచే ఉంచితే చన్నీళ్లు వేడి లైనులోకి తోసుకుపోతాయి. ఇంకో బాత్రూములో ‘గీజర్ కాగడం లేదు’ అంటారు. మెకానిక్ వచ్చి కాయిల్ మార్చినా ఫలితం ఉండదు. మిక్సర్‌కి వచ్చే రెండు లైన్లకీ ఫ్లాప్ రకం ఎన్‌ఆర్‌వీ పెడితే పోతుంది. స్ప్రింగు రకం వద్దు, మన డాబా ప్రెజర్‌కి అది సరిగా తెరుచుకోదు.

పసిపిల్లలో ముసలివాళ్లో ఉన్న ఇంటికి థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు చెబుతాం. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. ఎండాకాలం సోలార్ ట్యాంకు అంతకంటే చాలా పైకి పోతుంది. ఈ వాల్వు రెండు లైన్లనీ కలిపి 43 డిగ్రీల దగ్గర కట్టేసి ఇస్తుంది. లో-ప్రెజర్ రకమే అడగండి, రెండు లైన్లూ ఒకే ఎత్తు ట్యాంకు నుంచి రావాలి. హార్డ్‌నెస్ ఉన్నచోట ఏడాదికోసారి లోపలి కార్ట్రిడ్జి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టాలి.

పైపులు, కరెంటు

వేడి లైనుకి సీపీవీసీ ఎస్‌డీఆర్ 11 రకం (గోడ మందాన్ని చెప్పే అంకె అది) వాడండి, దాని సిమెంటు వేరు, పీవీసీ సిమెంటుతో అంటిస్తే అతుకు వదులుతుంది. 82 డిగ్రీల దగ్గర ఈ పైపు 7 బార్ దాకా తట్టుకుంటుంది. సోలార్ ట్యాంకు మే నెలలో అంతకంటే వేడెక్కగలదు కాబట్టి ట్యాంకు నుంచి మొదటి ఐదారు అడుగులు లోహపు పైపే ఉండాలి. రాగి పైపు తర్వాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు కలపకండి, రాగి కరిగి వచ్చి జీఐని తినేస్తుంది. పది మీటర్ల సీపీవీసీ 40 డిగ్రీలు వేడెక్కితే ఇంచి దాకా సాగుతుంది. గోడలో రెండు చివరలా బిగించేస్తే అతుకు దగ్గర చిట్లుతుంది. మధ్యలో ఒక వంపు వదలండి. బయటి లైనుకి నైట్రైల్ ఫోమ్ తొడిగి, ఎండకి పొడికాకుండా అల్యూమినియం టేపు చుట్టండి.

2 కిలోవాట్లంటే తొమ్మిది ఆంపియర్ల లోపు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల పాయింటు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉండాలి. ఆర్‌సీసీబీ లేకుండా గీజర్ వద్దు. స్టార్ రేటింగు కాగే వేగం గురించి చెప్పదు, కాగిన నీళ్ల వేడి ఎంత నిలుస్తుందో చెబుతుంది. పొద్దున అరగంట వేసి ఆపేసే ఇంట్లో దానికోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

మొదటిసారి నింపడం, ఆ తర్వాత

గీజర్‌లో వేణ్ణీళ్ల కుళాయి తెరిచి, గాలి పోయి నీళ్లు నిలకడగా వచ్చేదాకా స్విచ్ వేయకండి. గాజు గొట్టాల సోలార్ అయితే తెల్లవారకముందే నింపండి, లేదా టార్పాలిన్ కప్పండి. ఎండకి కాలిన ఖాళీ గొట్టంలో చన్నీళ్లు పడితే పగులుతుంది.

థర్మోస్టాట్ 60 దగ్గర ఉంచండి. అంతకంటే పెంచితే గార జోరుగా కడుతుంది, 50 లోపుకి దించి రోజుల తరబడి నిల్వ ఉంచితే బ్యాక్టీరియా పెరుగుతుంది.

ఏడాదికోసారి కరెంటు తీసి, చల్లారాక, కాయిల్ విప్పి ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో పావు కిలో నిమ్మ ఉప్పు కలిపి గంటా రెండు గంటలు నానబెట్టండి. అప్పుడే రాడ్డూ చూడండి, గాస్కెట్ మార్చండి. బాత్రూము కడిగే యాసిడ్ మాత్రం వాడొద్దు, గారతోపాటు లోహాన్నీ తినేస్తుంది.

తుపాను హెచ్చరిక వస్తే సోలార్ ట్యాంకు ఖాళీ చేయకండి. 200 లీటర్ల బరువే దాన్ని పట్టి ఉంచేది. 1996 నవంబరు తుపాను కోనసీమలో ఏం చేసిందో తెలిసిన మేస్త్రీలు స్టాండు కాళ్లని కాంక్రీటు దిమ్మెల్లో పాతుతారు. స్లాబుకి చిల్లులు కొట్టి బిగిస్తే వానకి గది కారుతుంది. స్టాండు హాట్‌డిప్ గాల్వనైజ్ చేసింది కావాలి, ఉప్పు గాలికి ఉత్తి పెయింటు నిలవదు. గాలి మొదలయ్యేలోగా కాయిల్ స్విచ్ తీసేసి, గొట్టాల మీద పాత గోనెసంచులు తాళ్లతో గట్టిగా కట్టండి.